షోలాపూర్ నుంచి విశాఖ రేవు దాకా: వాల్‌చంద్ హీరాచంద్ జీవితం

షోలాపూర్ పట్టణంలో వాల్‌చంద్ అన్న పేరు వినని వారుండరు. ఆ పేరుతో ఇంజనీరింగు కళాశాల ఉంది. ఆర్ట్స్, సైన్సు కళాశాల ఉంది. ఆయన తండ్రి హీరాచంద్ నేమ్‌చంద్ పేరిట వాణిజ్య కళాశాల, వాచనాలయం ఉన్నాయి. సాఖర్ పేట, భద్రావతి పేట, దాజీ పేట, అశోక్ చౌక్ ప్రాంతాలలో స్థిరపడిన మన తెలుగు నేత కుటుంబాల పిల్లలు ఎందరో ఆ విద్యాలయాలలో చదివి పట్టభద్రులయ్యారు. అయినా ఆ పేరు గల మనిషి ఎవరు, ఆయన చేసిన పని ఏమిటి అని అడిగితే మన పేటలలో సూటిగా సమాధానం చెప్పగలవారు కొద్దిమందే. చక్కెర మిల్లుల యజమాని అని కొందరు, కార్ల కర్మాగారం పెట్టినవారని మరికొందరు అంటారు. రెండూ నిజమే. కాని ఆయన జీవితంలో ముప్పై సంవత్సరాలను తినివేసిన పని వేరు. అది ఓడల పని. సముద్రపు గాలి సోకని ఈ మెట్ట పట్టణంలో పుట్టిన మనిషి, మన తెలుగు తీరంలోని విశాఖపట్నంలో మహాసముద్రాలు దాటే ఉక్కు నౌకలను కట్టే కేంద్రానికి పునాది వేయించారు.

మగ్గం మీద బతికే మనకు ఓడలతో ఏమి సంబంధమని పాఠకులు అనుకోవచ్చు. ఆ సంబంధాన్ని చూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సరిహద్దు పట్టణపు బిడ్డ

వాల్‌చంద్ 1882 నవంబరు 23న షోలాపూర్‌లో జన్మించారు. దోషీ వంశీయులైన ఆయన పూర్వులు సౌరాష్ట్రలోని వాంకానేరు నుంచి దక్కనుకు వలస వచ్చిన దిగంబర జైనులు. పత్తి వ్యాపారం, వడ్డీ వ్యాపారం ఆ ఇంటి వృత్తులు. తండ్రి హీరాచంద్ నేమ్‌చంద్ వ్యాపారి మాత్రమే కాదు. జైన సమాజంలో సంస్కరణలు కోరినవారు, జైన్ బోధక్ అన్న మరాఠీ పత్రికను నెలకొల్పినవారు. అంటే ఆ ఇంట జమాఖర్చుల పుస్తకంతో పాటు అచ్చు అక్షరానికీ చోటుండేది.

ఆనాటి షోలాపూర్ స్వరూపాన్ని ఒకసారి తలచుకోవాలి. బొంబాయి రాజధానికి అది తూర్పు అంచు. అవతల నిజాం రాజ్యం. ఆ రాజ్యానికి దాని సొంత సుంకం ఉండేది. సరుకు హద్దు దాటితే ధర మారేది. 1860లో బొంబాయి నుంచి రైలు మార్గం షోలాపూర్ చేరింది. 1877లో బొంబాయి వర్తకుడు మొరార్జీ గోకుల్‌దాస్ ఇక్కడ షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లును స్థాపించారు. మన పెద్దలు జూనీ మిల్లు అని పిలుచుకున్నది దానినే. కరీంనగరం, నల్లగొండ, వరంగల్లు, పాలమూరు ప్రాంతాల నుంచి మన పద్మశాలీలు కరవులకు తాళలేక, పని వెతుక్కుంటూ హద్దు దాటి ఈ పట్టణానికి వచ్చారు. కొందరు మిల్లులో చేరారు, కొందరు సొంత మగ్గం వేసుకున్నారు. ఇక్కడ నేసిన గుడ్డ రైలెక్కి రేవుకు పోయేది. ఆ పైన దాని ధరను నిర్ణయించేవారు మరొకరు. ఇటువంటి ఊరిలో పెరిగినవారికి సుంకం, కిరాయి అన్న మాటల బరువు వేరే చెప్పనక్కరలేదు.

వాల్‌చంద్ షోలాపూర్‌లో మెట్రిక్యులేషన్ ముగించి, బొంబాయిలోని సెయింట్ జేవియర్స్ కళాశాలలోను, పూనాలోని దక్కన్ కళాశాలలోను కొంతకాలం చదివారు. పట్టా పొందకుండానే చదువు మాని ఇంటి వ్యాపారంలో కూర్చున్నారు. ఆ వ్యాపారం ఆయనకు రుచించలేదు. రైల్వేలో గుమాస్తాగా పనిచేసిన లక్ష్మణరావు ఫాటక్ అనే మరాఠీ మిత్రునితో కలిసి గుత్తేదారుగా మారారు. బార్శీ లైట్ రైల్వేలో ఎడ్శీ, తడవలె ఊళ్ల నడుమ ఏడు మైళ్ల సన్నపట్టాల దారి వేయడం వారి తొలి పని. మట్టి తవ్వించడం, రాయి కొట్టించడం, లెక్క రాయించడం ఆయన అక్కడే నేర్చుకున్నారు. తరువాతి కాలంలో బోర్ ఘాట్‌లో రైలు సొరంగాలు తొలిపించినా, 1926లో హిందూస్తాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీని స్థాపించినా, ఆ విద్యకు మొదటి బడి మన జిల్లా పొలిమేరలలోనే ఉంది.

ఓడ ఎవరిది?

1919 నాటికి స్వదేశీ అన్న మాట దేశమంతటా వినిపిస్తూనే ఉంది. విదేశీ వస్త్రాన్ని విడిచి స్వదేశీ వస్త్రాన్ని కట్టాలన్నది దాని అర్థంగా జనం మనసులో నిలిచింది. వాల్‌చంద్ జీవితం మరొక ప్రశ్నను ముందుకు తెచ్చింది. గుడ్డ మనదే కావచ్చు, దానిని మోసుకుపోయే ఓడ ఎవరిది? బర్మా నుంచి వచ్చే బియ్యం మనం తినేదే కావచ్చు, దాని కిరాయి ఎవరి పెట్టెలో పడుతున్నది?

ఆ కాలంలో సమాధానం ఒక్కటే. తీర వ్యాపారంలో పెత్తనం బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది. దాని అధిపతి లార్డ్ ఇంచ్‌కేప్. కొత్తగా ఎవరైనా ఓడ నడిపితే ఆ కంపెనీ కిరాయిని ఒక్కసారిగా తగ్గించి, ఎదుటివాడు దివాలా తీసిన తరువాత మళ్లీ పెంచేది. ఇది గాక, మినహాయింపు కిరాయి అనే మరొక పట్టు ఉండేది. వ్యాపారి తన సరుకునంతా ఆ కూటమి ఓడలలోనే పంపితే, కట్టిన కిరాయిలో కొంత భాగాన్ని కొన్ని నెలల తరువాత తిరిగి ఇచ్చేవారు. ఈలోగా ఒక్క మూటనైనా ఇతరుల ఓడలో పంపినట్లు తేలితే ఆ సొమ్ము పోయినట్లే. మన పేటలలో ఈ పద్ధతి తెలియనిది కాదు. సావుకారు వద్ద అప్పుగా నూలు తెచ్చుకున్న నేతగాడు, పక్క దుకాణంలో రెండు రూపాయలు ఎక్కువ వచ్చినా, ఆ సావుకారుకే గుడ్డ ఇవ్వవలసి వచ్చేది. సముద్రం మీద జరిగినదీ అదే.

దీనిని ఎదిరించినవారు అంతకుముందు లేకపోలేదు. 1906లో తూత్తుకుడిలో వి.ఓ. చిదంబరం పిళ్లై స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీని స్థాపించి సింహళానికి ఓడలు నడిపారు. 1908లో ప్రభుత్వం ఆయనను జైలుకు పంపింది. 1911 నాటికి ఆ కంపెనీ మూతపడింది. ఓడల వ్యాపారంలోకి దిగేవారందరికీ ఆ ఉదంతం ఒక హెచ్చరికగా నిలిచింది.

అయినా వాల్‌చంద్ దిగారు. లాయల్టీ అనే ఓడ అమ్మకానికి ఉన్నదని ఒక రైలు ప్రయాణంలో ఆయన చెవిన పడింది. కెనడా కంపెనీ వారి ఎంప్రెస్ ఆఫ్ ఇండియా అనే ఆ ప్రయాణికుల నౌకను గ్వాలియర్ మహారాజా సింధియా కొని, ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు ఆసుపత్రి ఓడగా మార్చారు. యుద్ధం ముగిశాక దానిని అమ్మదలచారు. వాల్‌చంద్, నరోత్తమ్ మొరార్జీ, కిలాచంద్ దేవ్‌చంద్, లల్లూభాయి సామల్‌దాస్ కలిసి దానిని కొన్నారు. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అలా పుట్టింది. ఈ నరోత్తమ్ ఎవరో కాదు, షోలాపూర్ జూనీ మిల్లు స్థాపించిన మొరార్జీ గోకుల్‌దాస్ కుమారుడే. మన పట్టణపు మిల్లు పొగగొట్టానికీ ఆ ఓడ పొగగొట్టానికీ చుట్టరికం ఇలా కుదిరింది.

1919 ఏప్రిల్ 5న లాయల్టీ బొంబాయి నుంచి లండనుకు బయలుదేరింది. వయసు మళ్లిన ఓడ అది. మరమ్మతులకే చాలా సొమ్ము పోయింది. 1923లో తుక్కు కింద అమ్మివేయవలసి వచ్చింది. వ్యాపార లెక్కలో అది నష్టం. కాని ఆ ప్రయాణం గుర్తుగా 1964 నుంచి ఏటా ఏప్రిల్ 5ను దేశమంతటా జాతీయ నౌకాయాన దినంగా జరుపుతున్నారు.

ఒప్పందమనే సంకెల

సింధియా కంపెనీ తీరం వెంబడి సరుకు ఓడలు నడపడం మొదలుపెట్టగానే కిరాయిల యుద్ధం వచ్చిపడింది. రంగూన్ బియ్యం రవాణాలో కిరాయి నేలకు దిగిపోయింది. కంపెనీని కొనివేయడానికి ఇంచ్‌కేప్ ముందుకు వచ్చారు, భాగస్వాములు అమ్మలేదు. చివరకు 1923లో పదేళ్ల ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం సింధియా ఓడల మొత్తం పరిమాణం 75,000 టన్నులు మించరాదు; భారత, బర్మా, సింహళ తీరాలు దాటి విదేశీ వ్యాపారంలోకి పోరాదు. బతకడానికి అనుమతి దొరికింది, ఎదగడానికి దొరకలేదు. వాల్‌చంద్‌కు ఆ షరతులు మింగుడు పడలేదు. అయితే ఒప్పందం లేకుంటే తూత్తుకుడి కంపెనీ గతే దీనికీ పట్టేదన్నది కూడా కాదనలేము.

అప్పటి నుంచి ఆయన పోరాటం రేవుల నుంచి శాసనసభకు మారింది. 1924లో ఇండియన్ మర్కంటైల్ మెరైన్ కమిటీ తీర వ్యాపారాన్ని క్రమంగా భారతీయ ఓడలకే కేటాయించాలని సిఫారసు చేసింది. 1928లో ఎస్.ఎన్. హాజీ కేంద్ర శాసనసభలో ఆ మేరకు బిల్లు ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం బ్రిటిష్ కంపెనీలకు వ్యతిరేకంగా వివక్ష చూపరాదని నిబంధనలు చేర్చి ఆ దారినే మూసివేసింది. దక్కిన ఫలం ఒకటి ఉంది. 1927లో బొంబాయిలో డఫరిన్ శిక్షణ నౌక ప్రారంభమై, భారతీయ యువకులు ఓడ అధికారులుగా తయారు కావడానికి అవకాశం వచ్చింది. 1929లో నరోత్తమ్ మరణానంతరం వాల్‌చంద్ కంపెనీ అధ్యక్షులై, 1950 వరకు ఆ పదవిలో కొనసాగారు. 1927లో ఏర్పడిన భారత వాణిజ్య పరిశ్రమల సమాఖ్య స్థాపకులలో ఆయన ఒకరు. 1932–33లో దానికి అధ్యక్షులు.

తెలుగు తీరం, రంగూన్ దారి

ఈ కథ మన తెలుగు తీరాన్ని ఎక్కడ తాకిందో ఇప్పుడు చూద్దాం. ఓడలు మన తీరానికి కొత్తవి కావు. మచిలీపట్నం నుంచి అద్దకపు బట్టలు పారశీకానికి, తూర్పు ద్వీపాలకు పోయిన కాలం ఉంది. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు అక్కడ వర్తక స్థావరాలు పెట్టుకున్నది ఆ బట్టల కోసమే. కోరంగి, నరసాపురం తీరాలలో కొయ్య ఓడలు కట్టే పనివారు ఉండేవారు. 1839 తుపాను కోరంగిని, 1864 ఉప్పెన మచిలీపట్నాన్ని దెబ్బతీశాయి. ఆవిరి ఓడ వచ్చిన తరువాత కొయ్య ఓడలకు గిరాకీ పోయింది. ఓడలు కట్టినవారి సంతతి ఓడలెక్కే కూలీలుగా మారింది. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ, కాకినాడ రేవుల నుంచి వేలాది తెలుగువారు బ్రిటిష్ కంపెనీ స్టీమర్ల పైతట్టు మీద కిక్కిరిసి రంగూన్ చేరి, అక్కడి రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లులలో పనిచేశారు. వారిని అక్కడ కోరంగీలు అన్న పేరుతోనే పిలిచేవారు. రేవు పోయినా దాని పేరు కూలీల నెత్తిన మిగిలింది.

నిజాం హద్దు దాటి షోలాపూర్ వచ్చిన తెలంగాణ నేతగానికీ, సముద్రం దాటి రంగూన్ చేరిన ఉత్తరాంధ్ర కూలీకీ మధ్య పోలిక గమనించదగినది. ఇద్దరూ పొట్టకూటికి హద్దులు దాటినవారే. ఇద్దరి చెమట ఫలాన్నీ మోసుకుపోయిన వాహనం మాత్రం పరాయిదే.

విశాఖపట్నంలో డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున లోపలి నౌకాశ్రయం సిద్ధమైనప్పుడు, 1933 అక్టోబరు 7న అందులో ప్రవేశించిన మొదటి పెద్ద ఓడ సింధియా కంపెనీకి చెందిన ప్రయాణికుల నౌక జలదుర్గ. ఆ నాటికి వాల్‌చంద్ కంపెనీ అధ్యక్షులుగా ఉన్నారు. ఎనిమిదేళ్ల తరువాత అదే రేవులో తాను నౌకా నిర్మాణ కేంద్రం కట్టవలసి వస్తుందని ఎవరూ ఊహించి ఉండరు.

నిజానికి ఆయన మొదట కోరుకున్నది విశాఖను కాదు, కలకత్తాను. ఉక్కు, బొగ్గు, నిపుణులైన పనివారు దగ్గరగా దొరికేది అక్కడ. కాని కలకత్తా రేవు అధికారుల నుంచి అనువైన స్థలం, షరతులు లభించలేదు. పెద్ద రేవులలో బ్రిటిష్ కంపెనీల పలుకుబడి అటువంటిది. అందుచేత ఆయన అప్పటికింకా చిన్నదైన, తూర్పు తీరపు కొసన ఉన్న విశాఖకు వచ్చారు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. కాంగ్రెసు నాయకుని చేత, అదీ యుద్ధం నడిమధ్య, ఆ పని చేయించడమే ప్రభుత్వానికి ఒక సమాధానం.

మరుసటి సంవత్సరం మార్చిలో రంగూన్ జపాను వశమైంది. వేలాది తెలుగువారు ఓడ దొరకక అడవి దారిన కాలినడకన స్వదేశానికి తిరిగి వచ్చారు. దారిలోనే రాలిపోయినవారు లెక్కలేనంతమంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ, కాకినాడలపై బాంబులు వేశాయి. షిప్‌యార్డు పని ఆగిపోయింది. యంత్ర సామగ్రిని పశ్చిమ తీరానికి తరలించారు. యుద్ధం ముగిశాక మళ్లీ మొదలుపెట్టి, 1946 జూన్‌లో మొదటి ఓడకు అడుగుదూలం వేశారు. 8,000 టన్నుల ఆ ఓడ పేరు జలఉష. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు నెలలకు, 1948 మార్చి 14న, ప్రధాని జవాహర్‌లాల్ నెహ్రూ దానికి జలప్రవేశం చేయించారు. విశాఖలో షిప్‌యార్డు పక్కనున్న ప్రాంతాన్ని జనం ఈనాటికీ సింధియా అనే పిలుస్తారు.

విమానం, మోటారు, చక్కెర

ఓడతో పాటు ఆయన పట్టుకున్న ఇతర పనులనూ చెప్పుకోవాలి. నాసిక్ జిల్లాలోని రావళ్‌గావ్‌లోను, పూనా జిల్లా ఇందాపూర్ తాలూకాలోను బీడు భూములను చెరకు తోటలుగా మార్చి చక్కెర మిల్లులు పెట్టారు. రెండవచోట వెలసిన ఊరే వాల్‌చంద్‌నగర్. 1940 డిసెంబరులో మైసూరు సంస్థానం తోడ్పాటుతో, దివాను మీర్జా ఇస్మాయిల్ కాలంలో, బెంగుళూరులో హిందూస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీని స్థాపించారు. అమెరికా వ్యాపారి విలియం పాలీ ఆయనకు సాంకేతిక సహాయం సమకూర్చారు. 1942లో ప్రభుత్వం దానిని తన చేతిలోకి తీసుకున్నది. నేటి హిందూస్తాన్ ఏరోనాటిక్స్‌కు మూలం అదే. మోటారు కార్ల కర్మాగారం కోసం విశ్వేశ్వరయ్యతో కలిసి చేసిన ప్రయత్నాలకు ప్రభుత్వం సహకరించలేదు. చివరకు 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఏర్పడి, బొంబాయి కుర్లాలో కార్ల తయారీ మొదలైంది. ఆ కంపెనీ పద్మిని టాక్సీలు 2023 అక్టోబరులో ముంబయి వీధుల నుంచి సెలవు తీసుకున్నాయి.

నాణేనికి రెండవ వైపు

ఇంతవరకు చెప్పినది చదివి ఆయనను దేశభక్త ఋషిగా చిత్రించుకుంటే పొరపాటు. వాల్‌చంద్ జైలుకు పోయిన నాయకుడు కారు. లాభం కోరిన వ్యాపారి. ఆయన జాతీయత, ఆయన లాభం ఒకే దారిన నడిచాయి. పశ్చిమ తీరంలో ఓడలు నడిపిన చిన్న స్వదేశీ కంపెనీలు సింధియాను కూడా పెద్ద చేపగానే చూశాయి. ఆ తగవు తీర్చడానికి 1935లో సర్ జోసెఫ్ భోర్ మధ్యవర్తిత్వం అవసరమైంది. ఇంచ్‌కేప్ చేతిలో చిన్నవాడు అనుభవించిన బాధను, మరొక చిన్నవాడు సింధియా చేతిలో అనుభవించాడన్నమాట.

శ్రామికుల సంగతి కూడా మరువరాదు. 1930లో ఇదే షోలాపూర్‌లో మిల్లు కార్మికులు, సామాన్య జనం వీధులలోకి వచ్చినప్పుడు ప్రభుత్వం సైనిక శాసనం విధించింది. మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సారడా అనే నలుగురిని 1931 జనవరి 12న ఉరితీశారు. అదే కాలంలో వాల్‌చంద్ బోర్డు గదులలో టన్నుల లెక్క కోసం పోరాడుతున్నారు. రెండు పోరాటాలూ ఒకే పాలనకు ఎదురుగా నడిచినవే. కాని రెంటికీ చెల్లించిన మూల్యం ఒకటి కాదు. స్వదేశీ యజమాని వచ్చినంత మాత్రాన కూలివాని బతుకు దానంతట అదే బాగుపడదన్నది మన పేటలలోని వృద్ధులకు పుస్తకం లేకుండానే తెలుసు.

చివరి రోజులు

1949లో వాల్‌చంద్‌కు పక్షవాతం సోకింది. మరుసటి సంవత్సరం వ్యాపార బాధ్యతల నుంచి తప్పుకున్నారు. విశాఖ షిప్‌యార్డును లాభంతో నడపడం కంపెనీ శక్తికి మించింది. 1952లో హిందూస్తాన్ షిప్‌యార్డు లిమిటెడ్ ఏర్పడి, మూడింట రెండు వంతుల వాటా ప్రభుత్వానిదైంది. 1961 నాటికి మొత్తం ప్రభుత్వపరమైంది. 2010లో అది రక్షణ మంత్రిత్వ శాఖ కిందికి వెళ్లింది. భార్య కస్తూర్‌బాయి సేవలో కాలం గడుపుతూ వాల్‌చంద్ 1953 ఏప్రిల్ 8న గుజరాతులోని సిద్ధపూర్‌లో కన్నుమూశారు. లాయల్టీ బయలుదేరిన రోజుకు అప్పటికి ముప్పై నాలుగేళ్ల మూడు రోజులు.

మిగిలిన ప్రశ్న

సింధియా కంపెనీ ఓడలు నేడు సముద్రంపై లేవు. జూనీ మిల్లు మూతపడి దశాబ్దాలు గడిచాయి. మన పేటలలో చేతిమగ్గాల స్థానంలో మరమగ్గాలు వచ్చాయి. షోలాపూర్ దుప్పటి, టెర్రీ తువాలు భౌగోళిక గుర్తింపు పొందాయి. తువాళ్లు కంటైనర్లలో న్హావా షేవా రేవు మీదుగా విదేశాలకు పోతున్నాయి. ఆ కంటైనరును మోసే ఓడ ఎవరిది? భారతదేశపు విదేశీ వాణిజ్యంలో అత్యధిక భాగం ఈనాటికీ విదేశీ నౌకలలోనే సాగుతున్నది. కరోనా కాలంలో, 2020–21లో, కంటైనర్ల కిరాయి కొన్ని రెట్లు పెరిగినప్పుడు దేశమంతటా ఎగుమతిదారులు తల పట్టుకున్నారు. ఎగుమతిదారు లాభం తగ్గితే ఆ కోత చివరకు వచ్చి పడేది మగ్గం దగ్గర నిలబడిన మనిషి కూలిపైనే.

1919లో వాల్‌చంద్ లేవనెత్తిన ప్రశ్న తీరలేదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. ఆయన ఇచ్చిన సమాధానం సంపూర్ణం కాదు. ప్రభుత్వం తోడు లేక అది చాలాచోట్ల సగంలోనే ఆగింది, తోడు వచ్చినచోట యాజమాన్యమే చేతులు మారింది. కాని నేసినవాడికి తన గుడ్డ ఏ దారిన, ఎవరి బండిపై, ఎంత కిరాయికి పోతున్నదో తెలిసి ఉండాలన్న పాఠం మాత్రం ఆ జీవితం నిండా ఉంది. ఆయన పేరు గల కళాశాలలలో చదివే మన పిల్లలకు, పట్టాతో పాటు ఆ లెక్క కూడా తెలియడం అవసరం.